కొట్టి చూసినవా?

ఇల్లందు బస్టాండు. బొగ్గుబాయిలో రిటైరైన భర్త ఆఫ్రికాలో గని పనికి బయల్దేరాడు. హైదరాబాదు బస్సు కోసం భార్యతో కూర్చున్నాడు.

"ఆ దేశంల అంటుజ్వరం లేసిందంట గద?"

"గని కాడ లేదంట. ఏజెంటు చెప్పిండు."

"ఆయన గాడ ఉన్నడా?"

"హైదరాబాదుల ఉన్నడు."

"బాయిల పైకప్పు మంచిగుందని ఎవరన్న చెప్తే నమ్మి లోపటికి పోయేటోనివా?"

"ఎట్ల పోత? ముందుగాల కర్రతోని కొట్టి చూసేటోణ్ణి. డొల్లగ మోగితే కూలుతదని ఎనక్కి తిరిగేటోణ్ణి."

"మరి గిప్పుడు కొట్టి చూసినవా?"

"కొట్టిన. పోయినేడు ఆ గనికే పోయిన మన మంగయ్యకు ఫోన్ కొట్టిన."

"ఎట్ల మోగింది?"

"మోగుతనే ఉంది. మొన్నటి సంది ఎత్తుతలేడు."

హైదరాబాదు బస్సు వచ్చి ఆగింది. అతను లేవలేదు.