ఊ కొట్టేదాకా

సూరత్‌లో, భేస్తాన్ దాటాక ఒక బట్టల గోదాము. బయట టెంపో నిండా తాకాలనే బట్ట తానులు, లోపల కంప్యూటర్ గది. కుర్చీలో తాకాల నంబర్లు ఎక్కించే విజయరాణి, ఆమె నెత్తి మీద మేనేజరు రఘుపతి, పక్క కంప్యూటర్ ముందు, బాగుచేయమని యజమాని సేట్ పంపితే వచ్చిన రుచిత. గదిలో ముగ్గురున్నా నోరు మాత్రం ఒక్కడిదే.

“ఆడరానోళ్లకు మద్దెల ఓడట! నీ వేళ్లు కదలయి గని, కంప్యూటర్ మీద పడి ఏడుస్తవేంది విజయరాణీ?”

“నేను అన్నీ కొట్టిపెట్టిన సారూ. అది తీసుకుంటలేదు. చక్రం తిరుగుకుంట కూసుంటున్నది, నంబర్లన్నీ వరుసల నిలవడ్డయ్.”

“పొద్దుగాల తిరగని చక్రం మధ్యాహ్నం ఎందుకు తిరుగుతదే? బువ్వ పొట్టల వడంగనే నిద్రొస్తదా?”

“నిద్ర గాదు సారూ, పొద్దుగాల మంచిగనే...”

“ఊకో. అన్నీ ఎక్కితేనే చలాన్ వస్తది, చలాన్ వస్తేనే టెంపో కదులుతది. ఇయ్యాల టెంపో ఆగిందనుకో, రేపటి సంది ఇంట్లనే ఉండు. తీసేస్త. మా బామ్మర్ది బిడ్డ ఖాళీగనే ఉన్నది.”

“గట్లనకుండ్రి సారూ. మా ఆయన బట్ట నేసే సాంచెలు బందై మూల కూసున్నడు. నా పని గూడ పోతే...”

“మీ ఆయన ముచ్చట నాకెందుకు? ఏమ్మా ఇంజనీరమ్మా, నువ్వేం చేస్తున్నవ్? తెర చూసుడుకే పంపిండా సేట్?”

“నా పేరు రుచిత, సారూ.”

“ఏదో ఒకటి. వైరు మారుస్తవా, డబ్బా మారుస్తవా?”

“వైరు మంచిగనే ఉన్నది. అక్కా, పాత తాకా లెక్క ఒకటి తెర మీదికి తియ్యి జర. చూసిండ్రా సారూ? తీసుడు చిటికెల అయితున్నది. రాసుడే ఆగుతున్నది. వైరు ఖరాబైతే రెండూ ఆగాలె.”

“అంటే?”

“అంటే తప్పు అక్క వేళ్లది గాదు, వైరుది గాదు. కథ చెప్పెటోళ్లకు వినెటోళ్లు ఊ కొట్టాలె గదా? ఇది గూడ అంతే. ఈడికెళ్లి ఒక తాకా పోతది, ఆడ రాసుకున్న కంప్యూటర్ ఊ అంటది, అప్పుడే రెండోది పోతది. రింగ్‌రోడ్ మీది సేట్ ఆఫీసుల పెద్ద కంప్యూటర్ ఎంటనే ఊ అంటున్నది.”

“మరింకేంది లొల్లి?”

“ఇంకొకటి గూడ లెక్క రాసుకొని ఊ అనాలెనట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడన్నట్టు. గోడాదరా బస్తీల ఉన్నది ఆ కంప్యూటర్. ఎవలది సారూ?”

“గోడాదరాలనా... గోడాదరాల మస్తుమంది ఉంటరు.”

“మస్తుమందికి మన గోదాం లెక్క పోదు గదా.”

“సారు ఇల్లు గోడాదరాలనే.”

“నిన్ను అడిగిన్రా విజయరాణీ? నీ పని నువ్వు చూస్కో! ఔ, నాదే. అయితేంది? నేనే పెట్టిచ్చిన. రఘుపతికి తెల్వకుండ ఈడ ఒక్క తాకా కదలొద్దు. మీ అసొంటోళ్లను నమ్ముకుంటే అయిపాయె.”

“మధ్యాహ్నం మీ ఇంట్ల ఎవలుంటరు?”

“మా అమ్మ నర్సవ్వ. ఎందుకు?”

“ఏం చేస్తది?”

“ముసలామె ఏం చేస్తది? టీవీల సీరియల్లు పెట్టుకుంటది. అన్నీ నెట్ల వస్తయ్ గదా, ఒకటెన్క ఒకటి... నీకెందుకే ఇదంత?”

“మీ కంప్యూటర్ ఊ గూడ అదే నెట్ల రావాలె సారూ. అవ్వ సీరియల్ చూసినంతసేపు దానికి ఊ అనే సందు దొరుకుతలేదు. ఈడ అక్క తిట్లు తింటున్నది.”

“మా అమ్మ సీరియల్‌కు, సేట్ బట్టల మాల్‌కు లంకె వెడుతున్నవా? నవ్విపోతరు పిల్లా. నాలుగక్షరాలు రాంగనే నెత్తి మీద కొమ్ములు మొలుస్తయ్ మీకు.”

“ఆడ పెట్టుమని సేట్ చెప్పిండా?”

“సేట్‌కు గివన్ని చెప్తరా ఎవలన్న? నేను ఎంతంటే అంత ఆయనకు. ఏందా ఫోన్ల నొక్కుడు?”

“సేట్‌నే అడుగుతున్న, ఆ కంప్యూటర్ తీసెయ్యాల్నా అని.”

“అడుగు, అడుగు! రఘుపతిని అడుగుపో అంటడు. నా ఊ లేకుంట ఒక్క పూట నడుస్తదా ఈ గోదాం? మీరిద్దరు గాదు, మీ అసొంటోళ్లు ఇరవైమంది పోయినా నడుస్తది. నేను లేని దినం సూడుండ్రి, ఒక్క తాకా...”

“సారూ.”

“నడిమిట్ల మాట్లాడకు!”

“గది గాదు సారూ, అయిపోయింది. చలాన్ వచ్చింది.”

“ఏం అయిపోయింది? గిప్పుడే గదా అన్నీ నిలవడ్డయన్నవ్?”

“నిలవడ్డయన్నీ పటపట పోయినయ్. టెంపో ఆయనకిచ్చి రావాల్నా?”

“ఆగు! ఎట్ల పోయినయ్? పిల్లా, ఏం చేసినవ్?”

“మీ ఊ తీసేసిన.”

“నన్నడగకుండ?”

“మీరు మాట్లాడుతుంటెనే సేట్ మెసేజ్ పెట్టిండు, తీసెయ్యమని. ఇగో, ఇప్పుడు ఆయనే చేసిండు, లైన్ మీద ఉన్నడు, ఫోన్ మీకియ్యమంటున్నడు.”

“చూసినవా! చెప్తినా లేదా? ఏమున్నా ఆయనకు నాతోనే పని. ఇటు తే.”

“‘మన మాల్ లెక్కంత రఘుపతి ఇంట్ల ఏం చేస్తున్నది’ అని అడుగుతున్నడు. చెప్పుండ్రి సారూ.”