ఇన్సూరెన్స్ లేని కారు ఉంచుకున్నందుకు

ఉంచుకోవడమేంటండీ, ఆ మాటేంటి? "ఇన్సూరెన్స్ లేని కారు ఉంచుకున్నందుకు" అట! మా ఆయన ఉంటే ఈ నోటీసు చదివి పడీపడీ నవ్వేవారు. "చూశావా, నేనెవర్నో ఉంచుకున్నానని గవర్నమెంటుకి కూడా తెలిసిపోయింది" అనేవారు.

ఉంటే కదా. ఏడు నెలలైంది. ఆఫీసులో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారు. మీ నోటీసేమో ఇంకా ఆయన పేరు మీదే వస్తోంది.

అబ్బే, మిమ్మల్ని అనట్లేదు. మీ డ్యూటీ మీది.

కానీ నడపని కారుకి ఇన్సూరెన్స్ ఎందుకండీ? నాకు డ్రైవింగే రాదు. ఇంటి ముందు దానిపాటికది నిలబడి ఉంది, ఎవర్ని గుద్దుతుంది?

ఆఁ, అర్థమైంది. నడిపినా నడపకపోయినా, రోడ్డు మీద ఉంటే చేయించాల్సిందే. లేదంటే ముందు జరిమానా, తర్వాత చక్రానికి తాళం, ఆపైన లాక్కుపోవడం. అంతేగా?

ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గరికీ వెళ్ళానండీ. "నడిపేదెవరమ్మా?" అన్నారు. ఏం చెప్పమంటారు?

ఈ ఫారమా? "ఈ బండి ఇక వాడను, రోడ్డు మీద ఉంచను" అని సంతకం పెట్టి, ఏ షెడ్డులోనో పడేస్తే గొడవ వదిలిపోతుందా? మా మరిదిదీ ఇదే పోరు. వాళ్ళ షెడ్డు ఖాళీగానే ఉందట.

కుదరదండీ. అది మా అత్తయ్య కిటికీ కిందే ఉండాలి.

ఆవిడ మంచం మీది మనిషి. మతిమరుపు. కొడుకు పోయాడని చెప్తే మర్నాటికి మర్చిపోయేది. మళ్ళీ చెప్తే మళ్ళీ కొత్తగా ఏడ్చేది. ఆ తల్లికి ఎన్నిసార్లు చెప్పనండీ ఆ మాట? మానేశాను. రోజూ ఎనిమిదిన్నరకి వెళ్ళి, ఆయన సీట్లో కూర్చుని తాళం తిప్పేదాన్ని. ఇంజను చప్పుడు వినగానే లోపల్నుంచి "జాగ్రత్త నాన్నా!" అనేది. కాసేపుంచి ఆపేసేదాన్ని. కొడుకు ఆఫీసుకెళ్ళాడనుకుని, పెట్టింది తినేది.

జరిమానా వేసుకోండి, కట్టేస్తాను. కారు మాత్రం తీసుకెళ్ళకండి.

ఏంటండీ? అత్తయ్యగారి డాక్టరు కాగితం తెస్తే గడువిప్పిస్తారా?

అయ్యో. మీరింత మంచిగా అడుగుతుంటే అబద్ధం నోటికి రావట్లేదు.

అత్తయ్య పోయి నెల దాటిందండీ.

ఇవాళ కూడా ఎనిమిదిన్నరకి తాళం తిప్పే వచ్చాను. లోపల్నుంచి ఎవరూ ఏమీ అనలేదు. నేనే అనుకున్నాను, జాగ్రత్త అని.

మరి దీన్ని వాడటం అంటారో, ఉంచుకోవడం అంటారో... ఆ ఫారంలో మీరే ఏదో ఒకటి రాసుకోండి.