నాలుగో పరీక్ష

తిరువూరులో ఒక ఆసుపత్రి, హెచ్‌ఐవీ పరీక్షల గది. బల్లకు అటువైపు కౌన్సెలర్‌గా పనిచేసే ఆవిడ, ఇటువైపు విస్సన్నపేట నుంచి వచ్చిన ముప్పయ్యేళ్ళ మనిషి.

"కండోమ్ వాడారా?"

"వాడానండి."

"చిరగడం, జారడం ఏమన్నా జరిగిందా?"

"లేదు మేడమ్. అలాంటి చోటికి వెళ్ళింది కూడా ఆ ఒక్కసారే. ఈస్టర్ ముందు."

"ఇప్పుడు దసరా దాటింది. ఈమధ్యలో ఎక్కడైనా పరీక్ష చేయించుకున్నారా?"

"మూడు చోట్ల చేయించుకున్నానండి. ఆఖరిది పోయిన నెల్లోనే. అన్నీ నెగటివే."

"మూడు నెలలు దాటాక కూడా నెగటివ్ వచ్చిందంటే మీకేం లేనట్టే. ఇంటికెళ్ళి హాయిగా ఉండండి."

"నమ్మకం కుదరట్లేదండి. ఆ కాగితాల మీద ఉన్నది నేను కాదు."

"మరి రక్తం ఎవరిది?"

"రక్తం నాదే. పేర్లే వేరేవాళ్ళవి చెప్పాను. మొదట మా బావమరిది పేరు, తర్వాత పక్కింటాయన పేరు."

"మూడోసారి?"

"చనిపోయిన మా బాబాయిదండి."

ఆవిడ నవ్వలేదు.

"పేరు మారిస్తే రక్తం మారదు కదా బాబూ."

"తెలుసండి. కానీ ఆ కాగితాలు తీసి చూసుకున్నప్పుడల్లా, బాగున్నది వాళ్ళే అనిపిస్తుంది."

"నిజానికి మీకు ఇంకో పరీక్ష అక్కర్లేదు. అయినా చేయిస్తాను. ఇక్కడి వివరాలు బయటికి పోవు, ఈసారైనా మీ పేరు చెప్పండి."

అతను లేచి, వేసే ఉన్న తలుపును ఇంకోసారి నెట్టి చూసి వచ్చి కూర్చున్నాడు.

"జోజిబాబు అని రాయండి."

"ఇదైనా మీ పేరేనా?"

"నా పెళ్ళి కార్డులో వేయించింది ఇదేనండి."