జయరామ ఇచ్చొచ్చిన మను

జయరామ టీ గ్లాసు పట్టుకుని బెంచీ నడుమ కూర్చున్నాడంటే, తిరువాలంగాడులో రైలు తప్పిపోయినా సరే, మిగిలినవాళ్లు లేవకూడదు. అది టీ అంగడి నడిపే మునెమ్మ పెట్టిన కట్టుబాటు కాదు, జయరామ పెట్టుకున్నది. ఎప్పుడో అయిదేళ్లు వార్డు మెంబరుగా చేసి, ఆ తర్వాత రెండుసార్లు ఓడిపోయి, ఆ అయిదేళ్లనే ఇప్పటికీ నెమరేసుకుంటున్న మనిషి.

ఆ పొద్దు ఆయన గొంతు సవరించుకునేసరికి మునెమ్మ పాలు పొంగకుండా మంట తగ్గిస్తోంది. పంచదార డబ్బా కింద రెండు కాగితాలు పెట్టుకుని ఉంది. ఒకటి జయరామ పేరుమీద పోస్టులో వచ్చిన కవరు. ఊరి టపా అంతా ఆ అంగట్లోనే పడేసి పోతాడు పోస్టుమాన్. రెండోది జీలకర్ర వాసన కొడుతున్న నలిగిన కాగితం. తెల్లారగానే జయరామ పెళ్లాం ధనమ్మ తెచ్చి, తలెత్తకుండానే జరిగింది చెప్పి చేతిలో పెట్టి పోయింది. దాన్ని చూసినప్పటి నుంచి మునెమ్మ జయరామ కోసమే కాచుకుని ఉంది.

ఆమె మనవరాలు తనుశ్రీ ఊరి బడిలో, తెలుగు తరగతిలో నాలుగు చదువుతోంది. తెలుగు టీచరమ్మ రిటైరై ఏడాదైంది, ఇంకొకరు రాలేదు. నెలాఖరులోగా పిల్లల పెద్దలు మను ఇచ్చుకోకపోతే ఆ పోస్టే ఎత్తేసి, పిల్లల్ని తమిళ తరగతిలో కలిపేస్తారన్నాడు హెడ్‌మాస్టరు. మను అంటే ఈ తమిళనాడు పక్క అర్జీ. ఆంధ్రాలో పుత్తూరు వైపు చుట్టాలు ఆ మాట విని, "ఈ వయసులో మనువేందే నీకు?" అని నవ్వుతారు. తనుశ్రీ చేత తెలుగులో రాయించి, తొమ్మిది ఇళ్లు తిరిగి సంతకాలు పెట్టించి, తిరువళ్లూరు పోతున్నానన్న జయరామ చేతిలో పెట్టింది మునెమ్మ. సోమవారం నాడు మను తీసుకునే ఆఫీసు అక్కడుంది. అది మూడు వారాల కిందటి మాట. నెలాఖరు నిన్నటితో అయిపోయింది.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు," అన్నాడు జయరామ. "ఏడు గంటల బస్సుకి పోయినా. యాడ చూసినా జనం. టోకెను మున్నూటా పన్నెండు. సరి, వరసలో నిలబడదామనుకున్నా. నిలబడనిచ్చినారా? పోలీసాయన నన్ను చూసి, ‘మెంబర్ సార్, నీంగ ఎదుక్కు లైన్ల, మీకెందుకు సార్ వరస?’ అని చేయి పట్టుకొని లోపలికి పిల్చుకొనిపాయ."

"మెంబరు పదవి పోయి పదేళ్లాయె కదా మామా, ఆయనకెట్ల తెలిసె?" అన్నాడు యువరాజ్, శ్రీపెరుంబుదూరు కంపెనీలో షిఫ్టు దిగి వచ్చినవాడు.

"ముఖంలో తెలుస్తుందిరా. లోపల పెద్దాఫీసరు నన్ను చూసి కుర్చీలోనుంచి లేచినాడు. మను చేతికిచ్చినా. రెండో ముక్కకే కండ్లలో నీళ్లు. తుడుచుకొని మళ్లీ చదివినాడు. ఏమన్నాడో తెలుసా? ‘ఇంత చదువు చదివి ఏం లాభం, ఇట్లాంటి తెలుగు నా జన్మలో చూడలేదు’ అన్నాడు."

"ఆయన తమిళాయన కదా జయరామా?" అన్నాడు ముసలి రైతు పచ్చయ్యప్ప.

"చదివే కొద్దీ వచ్చేసె. మన మను అట్లాంటిది మరి."

మునెమ్మ టీ పైనుంచి కిందికి తిరగపోసింది. ఏ ముక్కకు ఏడ్చాడో ఆమెకు ఇప్పుడు ఒక అంచనా ఉంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆఫీసరు చెన్నైకి ఫోను పెట్టినాడు. మంత్రి ఎత్తి, ‘జయరామన్నా, ఇది ఫోన్లో మాట్లాడే విషయమా’ అని హెలికాప్టరెక్కి అరగంటలో వచ్చి మనూరి వేరుశెనగ చేన్లో దిగినాడు."

"ఎవరి చేన్లో?" పచ్చయ్యప్ప అదిరిపడ్డాడు. ఈసారి ఊళ్లో వేరుశెనగ వేసింది ఆయనొక్కడే.

"నీ చేన్లోనే. నువ్వు నిద్రపోతా ఉండావు, లేపడమెందుకని ఊరుకున్నాం. ‘ఒక టీచరమ్మను ఇయ్యండి చాలు’ అన్నా. ‘ఒకరా? ప్రభుత్వమంటే ఏమనుకున్నావు’ అని నూటపదిమందికి ఆర్డరు రాసేసినాడు. బుధవారం ఎలవూరు బార్డరు చెక్‌పోస్టు కాడ చూడల్ల! ఆంధ్రా నుంచి ఏడు బస్సుల్లో టీచర్లు. కలకత్తా రోడ్డు నిలిచిపాయ, నెల్లూరు దాకా లారీలే లారీలు. నేను గేటు కింద కుర్చీ ఏసుకొని ఒక్కొక్కరికీ పరీక్ష పెట్టినా. బండి ర రాయమన్నా. వంకర పోయిందా, అదే బస్సులో వెనక్కి! అక్షరం చూస్తే నాకు తెలిసిపోదా, అమ్మ పాలతో వచ్చిన తెలుగు!"

బెంచీ అంతా నవ్వింది. మునెమ్మకు నవ్వు రాలేదు. ఓట్ల ముందు కండువాలేసుకొచ్చి "బాగుండారా అవ్వా" అని తెలుగులో పలకరించినవాళ్లు ఆమెకు గుర్తున్నారు. గెలిచాక వాళ్లకు తెలుగు మరుపొచ్చింది. ఈ జయరామ మనవడు శ్రీకర్ టై కట్టుకుని పసుపు వ్యానెక్కి తిరుత్తణి ఇంగ్లీషు బడికి పోతాడు. ఊరి బడి ఎవరికి కావాలి? వ్యాను ఎక్కలేనోళ్లకు. వాళ్ల పని పట్టుకుపోయింది ఈ పెద్దమనిషి.

"చివరికి ఢిల్లీవాళ్లే ఫోను చేసి, కన్యాకుమారి దాకా బోర్డులన్నీ తెలుగులో రాయిస్తామన్నారు. నేనే వద్దన్నా. తమిళోళ్లు మన పక్కింటోళ్లు, పాపం బాధపడతారు అన్నా."

"ఆ నూటపదిమందీ యాడ మామా?" అడిగింది మునెమ్మ.

"వస్తా ఉండారమ్మా. రోడ్డు క్లియరు కావల్ల కదా."

ఆమె కవరు తీసి ఇచ్చింది. "నీకే వచ్చింది. ముద్ర చూస్తే ఆ ఆఫీసుదే. అందరికీ వినపడేట్టు చదువు."

జయరామ ముఖం విప్పారింది. కండ్లద్దాలు పెట్టుకుని కవరు చించాడు. లోపల తమిళం. "చూసినారా? ‘తిరు జయరామ అవర్గళ్’! అవర్గళ్ అంటే గారు, ఊరికే రాస్తారా?" అని, తెలుగు చేసి చెప్పసాగాడు. "‘తమరిచ్చిన మను పరిశీలించడమైనది. అందులో తమరు కోరిన...’"

అక్కడ ఆగిపోయాడు. యువరాజ్ భుజం మీదుగా వంగి మిగిలింది చదివాడు. "‘కోరిన చింతపండు అరకిలో, ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఇంగువ రేషన్ అంగట్లో ఇచ్చే సరుకులు కావు. కందిపప్పు విషయం మాత్రం ఆహార శాఖకు పంపడమైనది.’ మామా, ఏంది ఇది?"

బెంచీ విరిగేటట్టు నవ్వారు.

"ఆఫీసులో ఒకరికైనా తెలుగొచ్చు. మనూళ్లోనే రాదు," అంది మునెమ్మ, నలిగిన కాగితాన్ని బల్లమీద పరుస్తూ. "ఆ పొద్దు నీ జేబులో రెండు కాగితాలు మామా. ధనమ్మక్క రాసిన సరుకుల చీటీ, నా మనవరాలు రాసిన మను. రెండూ తెలుగే. చీటీ ఆఫీసులో ఇచ్చేసి, మను తీసుకుపోయి గోపాలన్ అంగట్లో ఇచ్చినావు. ఆయనకీ చదవను రాక, అక్కకు ఫోను చేసి సరుకులు కనుక్కొని, దీంట్లోనే జీలకర్ర పొట్లం కట్టినాడు. అక్క ఈ పొద్దు విప్పి చూసింది."

"ఆ పొద్దు కండ్లద్దాలు మరిచిపోయినా..."

"ఇప్పుడుండాయి కదా. చదువు."

జయరామ చాలాసేపు చూశాడు. "పాప గుండ్రంగా రాసింది," అని యువరాజ్ చేతికిచ్చాడు. యువరాజ్ అటూ ఇటూ తిప్పి, "నేను తమిళ మీడియం అక్కా," అని పచ్చయ్యప్పకిచ్చాడు. ఆయన తన వేలిముద్ర యాడుందో వెతుక్కుని, మునెమ్మకే ఇచ్చేశాడు.

మునెమ్మ ఆ బడిలోనే అయిదు దాకా చదివింది. తడుముకోకుండా చదివింది. "‘మా బడికి తెలుగు టీచరమ్మను పంపండి. మా అవ్వ మాట్లాడే మాట నాకు రాయడానికి రావాలి.’" ఆ ముక్క దగ్గర ఆమెకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

"వచ్చే సోమవారం నేనే పోతానమ్మా," అన్నాడు జయరామ చిన్నగా. "ఇంకొకటి రాసియ్యి."

"రాయిస్తా మామా. ఈసారి తమిళంలో రాయిస్తా, నీకు చదివేదానికి వస్తుంది," అంది మునెమ్మ, ఆయన గ్లాసు తీసుకుంటూ. "వచ్చే వారం నుంచి తనుశ్రీకీ అదే కదా."