గుక్కపట్టే మోటారు

రేవు పక్క టీకొట్టు ముందు బల్ల మీద మెకానిక్ మామయ్య కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడంటే, ఆ పూట ఎవరూ తొందరగా లేచేది లేదన్నమాటే. కొట్టు ఆయన భార్యది. బల్ల ఆయనది. ఇక నోరు సంగతి చెప్పక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం ఆయన మేనకోడలు కూడా వచ్చి బల్ల చివర కూర్చుంది. సొంత పడవ నడుపుకునే పిల్ల, అందరూ పడవమ్మాయి అనే పిలుస్తారు. ఆమె వచ్చింది కబుర్లకి కాదు. ఇంకో గంటలో ఆసుపత్రి నుంచి పెద్ద నర్సమ్మ రేవుకి వస్తుంది. అవతలి ఒడ్డు పల్లెల్లో పిల్లలకి టీకాలు వేయడానికి నర్సుల్ని రోజూ దాటించే పని ఎవరికివ్వాలో, స్వయంగా పడవెక్కి చూసి తేలుస్తానంది. ఆ పని దొరికితే పడవమ్మాయికి ఏడాదంతా నిశ్చింత.

పడవ బాగానే ఉంది. మోటారుకే రోగం. మెల్లగా పోతున్నంతసేపు బుద్ధిగా ఉంటుంది. వేగం కోసం పిడి తిప్పామా, పసిపిల్ల ఏడుస్తూ ఏడుస్తూ గుక్కపట్టినట్టు ఊపిరి బిగబట్టేస్తుంది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాక ఎప్పటికో దగ్గి లేస్తుంది. నది నడుమ ఇసుక ఓడలు తిరిగే దారి ఉంది, అక్కడ మూడు లెక్కపెట్టే తీరిక ఉండదు. మొన్న ఒక ఓడ ఆమె పడవ వెనకకొసని గీరుకుంటూ పోయింది. తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి.

మూడుసార్లు మోటారుని మామయ్య షెడ్డుకి మోసుకెళ్ళింది. ఆయన ప్లగ్గులు మార్చాడు, కార్బురేటర్ విప్పి కడిగి దాని స్క్రూ సరిచేశాడు, పాత పెట్రోలు పారబోసి కొత్తది పోశాడు. మూడుసార్లూ షెడ్డులో తియ్యగా పాడింది. మూడుసార్లూ నదిలో గుక్కపట్టింది.

"మామయ్యా, ఇంకొక్కసారి చూడవూ?"

"చూసేదేముందమ్మడూ? అది నా చేతిలో కుదిరిన మోటారు. నీకు కావలసింది ధైర్యం. కూర్చో, ఒక సంగతి చెప్తా, ధైర్యం దానంతటదే వస్తుంది."

అత్తయ్య పొయ్యి దగ్గర్నుంచి నిట్టూర్చింది. బల్ల పక్కనే కూర్చుని వలలల్లే తాత సూదిలో దారం ఎక్కిస్తూ, "కానీరా, విందాం" అన్నాడు. పడవమ్మాయి కూడా చెవొగ్గింది. మామయ్య కోతల ఊకలో ఎక్కడో నిజమైన పనితనం గింజలుంటాయి. చిన్నప్పట్నుంచీ అవి ఏరుకునే ఆమె మోటారు విద్య నేర్చుకుంది.

"అప్పట్లో ఒక లాంచీ ఆయన ఉండేవాడు, ఆయన మోటారుకీ అచ్చం నీ మోటారు జబ్బే, ఇదే గుక్క. పదిమంది చూసి పెదవి విరిచేశారు. నేను విప్పలేదు, కదపలేదు, ఊరికే చెవి ఆనించాను. ఏం వినబడిందో తెలుసా? ఆకలి! మోటారు కడుపులో ఆకలి కేక! గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. మనిషికి తిండి పెట్టకుండా పరిగెత్తమంటే పరిగెడతాడా?"

"పరిగెత్తడు" అన్నాడు తాత.

"అదీ! కార్బురేటర్లో పెట్రోలు దూరే కన్నం ఉంటుంది, జెట్టు అంటారు, చీమ కన్నంత. అందులో నలుసు. తీగ పెట్టి పొడిస్తే కన్నం పెద్దదైపోతుంది కదా, అందుకని నా మీసంలోంచి ఒక వెంట్రుక పీకి..."

"మొన్న కనుబొమ్మలోంచి పీకావుగా?"

"మీసం పెద్ద జెట్లకి, కనుబొమ్మ చిన్న జెట్లకి. ఈ మెళకువలు వలలల్లేవాళ్ళకి తెలీవులే, బాబాయ్."

పడవమ్మాయి మనసు ఆకలి అన్న మాట దగ్గరే ఆగిపోయింది. నిన్న మోటారు గుక్కపట్టినప్పుడు ఆమె చోక్ కాస్త లాగి చూసింది. లోపలికెళ్ళే గాలి తగ్గింది, మోటారు వెంటనే పుంజుకుంది.

"మామయ్యా, నాదానికీ ఆకలేనేమో. చోక్ లాగితే..."

"ఉండవే, అసలు సంగతి ఇప్పుడే మొదలు! వెంట్రుకతో నలుసు తీశాను, పెట్రోలు పాలు సరిచేసే స్క్రూ ఇలా ఒక్క తిప్పు తిప్పాను, లాంచీ ఆయన్ని పక్కకి జరగమని నేనే పిడి పట్టుకున్నాను. పట్టుకుని తిప్పానో లేదో, పడవ కదిలిపోయింది గానీ దాని నీడ రేవులోనే ఉండిపోయింది! తర్వాత ఇంకో పడవ పంపి దాన్ని లాక్కురావాల్సొచ్చింది. నీళ్ళు రెండుగా చీలిపోయి నది అడుగు కనబడింది, ఈ బాబాయి ఎప్పుడో పోగొట్టుకున్న లంగరు అక్కడే ఉంది, చెయ్యి చాచి తీసుకుందామంటే ఆగితే కదా!"

"నా లంగరు దొంగలెత్తుకెళ్ళార్రా."

"వాళ్ళే అక్కడ పడేసుంటారు. ఇంకా విను. అవతలి ఒడ్డు దూరంగా ఉందనుకున్నానా, అదే ఎదురొచ్చింది! ఆపుదామంటే ఆగదు. ఒడ్డెక్కేశాం, బజారు వీధిలోంచి పోతున్నాం, బట్టలకొట్టాయన ఆపండాపండి నేనూ ఎక్కుతానని చెయ్యెత్తాడు, ఆయన చెయ్యి దించేసరికి మేం ఊరు చుట్టి మళ్ళీ నదిలో పడ్డాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీ అత్తయ్య గ్లాసులోకి టీ ఒంపుతుండగా బయల్దేరానా, తిరిగొచ్చేసరికి ఆ టీ ధార ఇంకా గ్లాసు అడుగు ముట్టలేదు!"

"టీ సంగతి నాకు గుర్తులేదు" అంది అత్తయ్య.

"నీకు తెలిసేలోపే వచ్చేశానుగా! ఇంకో వింత చెప్పనా? ఆ దారిలో పడవ ముందువైపు కూర్చున్నవాడు తల నుంచి కాళ్ళ దాకా తడిసిపోతాడా, లేదా?"

"తడుస్తాడు" అంది పడవమ్మాయి.

"నామీద ఒక్క చుక్క పడితే ఒట్టు. నన్నందుకోవడానికి నీళ్ళకి చేతకాలేదు!"

అత్తయ్య గిన్నె దించి ఇటు తిరిగింది. "అది మాత్రం నిజమే. ఇరవై ఆరేళ్ళ కాపురంలో మీ మామయ్య మీద ఒక్క చుక్క పడలేదు. పడవంటూ ఎక్కితే కదా, పడ్డానికి! మా పెళ్ళికి మీవాళ్ళంతా పడవలో గంటలో దాటొచ్చారు. పెళ్ళికొడుకు మాత్రం వంతెన మీదుగా చుట్టు తిరిగి, కాళ్ళీడ్చుకుంటూ మర్నాడొచ్చాడు. నీళ్ళంటే అంత భయం మహానుభావుడికి."

తాత నవ్వి నవ్వి సూది పడేసుకున్నాడు. మామయ్య గ్లాసులో ఏదో నలుసున్నట్టు అందులోకే చూస్తూ కూర్చున్నాడు.

పడవమ్మాయి ఒక్కతే నవ్వలేదు. "మామయ్యా, నా మోటారు స్క్రూ ఎక్కడ పెట్టి సరిచేశావు?"

"షెడ్డులోనే. నీళ్ళ డ్రమ్ములో దించి."

"గేరు వేసి చూశావా?"

"డ్రమ్ములో గేరేస్తే ఆ నీళ్ళన్నీ నా మొహానే కదే!"

"అయితే అది బరువు లాగుతుంటే నువ్వెప్పుడూ వినలేదన్నమాట."

మామయ్య గ్లాసు పక్కన పెట్టి, స్క్రూ బిగిస్తున్నట్టు గాల్లో వేళ్ళు తిప్పి చూసుకున్నాడు.

డ్రమ్ములో ఊరికే తిరిగే మోటారుకి చుక్క పెట్రోలు చాలు. అది ఇంకా తియ్యగా, ఇంకా తియ్యగా పాడాలని ఆయన స్క్రూ బిగించుకుంటూ పోయేవాడు. నదిలో మనుషుల్నీ పడవనీ లాగాల్సి వచ్చేసరికి ఆ చుక్క ఏ మూలకీ రాదు. ఈ రేవులో మోటార్లన్నీ ఆయన చేతిలో కుదిరినవే, అన్నీ అంతో ఇంతో గుక్కపట్టేవే. ఈ నది తీరే అంతని అందరూ సరిపెట్టుకున్నారు పాపం, ఇన్నేళ్ళూ.

"స్క్రూ నేనే తిప్పుదును" అంది పడవమ్మాయి. "కానీ నేను పిడి మీద ఉండాలి. పైగా మోటారు గొంతు నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. నాతో రా, మామయ్యా."

"నేనా? ఇప్పుడా?"

అప్పటికే పెద్ద నర్సమ్మ టీకాల పెట్టె భుజానేసుకుని మెట్లు దిగుతోంది. గంట కాకుండానే వచ్చేసింది. మామయ్య నర్సమ్మని చూశాడు, నదిని చూశాడు, మేనకోడలి మొహం చూశాడు. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, తువ్వాలు నడుముకి బిగించి, తాత భుజం పట్టుకుని ఒక కాలు పడవలో పెట్టాడు. రెండో కాలు రావడానికి చాలాసేపు పట్టింది. అత్తయ్య పొయ్యి వదిలేసి వచ్చి ఒడ్డున నిలబడిపోయింది. నవ్వడం కూడా మరిచిపోయింది.

మోటారు మూత తీసి ఉంచారు. రేవు దాటాక పడవమ్మాయి పిడి తిప్పింది. గుక్క. ఒకటి, రెండు, మూడు. నర్సమ్మ కనుబొమ్మలు ముడిపడ్డాయి. "ఇలా అయితే కష్టం, అమ్మాయ్."

"ఒక్క నిమిషం, నర్సమ్మగారూ."

మామయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఒక చెయ్యి పడవ బల్లని పట్టుకుని తెల్లబడిపోయింది. ముందునుంచి ఎగిరిన నీళ్ళు ఆయన మీసాల మీంచి కారుతున్నాయి. రెండో చెయ్యి మాత్రం వణకలేదు. స్క్రూని వెతికి పట్టుకుంది, కాస్త వెనక్కి తిప్పింది, ఆగి విన్నది, ఇంకాస్త తిప్పింది.

"ఇప్పుడు చూడు" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

ఇసుక ఓడ ఒకటి దూరంగా హారన్ కొట్టింది. పడవమ్మాయి పిడి తిప్పింది. ఒకటి కూడా లెక్కపెట్టే పనిలేకపోయింది. పడవ ముక్కు పైకి లేచింది, నీళ్ళు పక్కలకి తోసుకుపోయాయి, ఓడ ఇంకా చిన్నగా కనబడుతుండగానే ఆ దారి దాటేశారు. ఆమె అరచేతులు పొడిగా ఉన్నాయి.

నర్సమ్మ వెనక్కి చూసింది, మోటారుని చూసింది, నీళ్ళోడుతున్న పెద్దమనిషిని చూసింది. "ఇప్పుడేగా చావబోయింది! ఇంతలో ఏం చేశారండీ?"

మామయ్య ఒక కన్ను తెరిచాడు. ఇక కోతలు మొదలవుతాయనుకుంది పడవమ్మాయి.

"పావు చుట్టు తిప్పానమ్మా" అన్నాడాయన. "ఎప్పుడో తిప్పాల్సింది."

"రేపు ఏడింటికి ముగ్గురు నర్సులుంటారు" అంది నర్సమ్మ పడవమ్మాయితో. "ఈయన్ని కూడా తీసుకొస్తావా?"

"రేపు నాకు కుదరదు" అన్నాడు మామయ్య, రెండో కన్ను కూడా మెల్లగా తెరుస్తూ. "రేవులో ఇంకా పదకొండు పడవలెక్కాలి."