డొంక దాకా

నరసరావుపేట షోరూమువారు నడిపి చూడమని ఇచ్చిన కొత్త అడ్వెంచర్ బైకు మీద, కోటప్పకొండ రోడ్డున, విశ్రాంత తెలుగు పండితులు ఆదినారాయణ గారు. బండి నడుపుతున్నది వారి మేనల్లుడు యల్లమంద.

“అరవమాకండి మామయ్యా. హెల్మెట్లో మైకుంది, అంతా వినపడతానే ఉంది.”

“ఇది అరుపు కాదు నాయనా, ఆర్తనాదం. ఇది బండా, మదపుటేనుగా? ఎక్కడానికి నిచ్చెన కావాలి, దిగడానికి దైవానుగ్రహం కావాలి.”

“సీటు ఎత్తు అంతే ఉంటది. గుంటల్లో అడుగు తగలకుండా.”

“ముందు ఆ గద్దముక్కు ఎందుకు?”

“బురద చిమ్మకుండా.”

“బురద చిమ్మేది చక్రం దగ్గర గదా? ముక్కేమో ఆకాశంలో ఉందేం?”

“అడ్వెంచర్ బండ్లన్నిటికీ అట్టాగే ఉంటది.”

“ఆ మాటకు తెలుగేమిటో చెప్పు.”

“సాహసం.”

“ధర్మశాస్త్రంలో సాహసమంటే ఏమిటో తెలుసా? పరుల సొత్తును బలప్రయోగంతో లాక్కోవడం. నేరం. దానికి రాజదండన. అంతటి ఘనమైన పేరున్న వాహనం మీద నన్ను ఊరేగిస్తున్నావు.”

“ఎక్కించుకోమన్నది మీరేగా. తారు మీదా మట్టి మీదా తిప్పి చూపించు, నచ్చితే మీ అమ్మతో చెప్తానంటిరి.”

“అన్నాను. నా మాట లేనిదే మీ అమ్మ పైసా తీయదు. కానీ నచ్చాలిగా?”

“తారు మీద నచ్చిందా లేదా, అది చెప్పండి.”

“తారు మీద మా పాత స్కూటరూ పోయేది. ఇంత ఆర్భాటం లేదు దానికి.”

“ఘాట్ రోడ్డు ఎక్కమంటే మిమ్మల్ని దింపి తోయించుకునేదంట. అమ్మ చెప్పింది.”

“మీ అమ్మకు అక్కరలేని జ్ఞాపకశక్తి.”

“సరే, ఇక మట్టి చూపిస్తా. గట్టిగా పట్టుకోండి. డొంకలోకి తిప్పుతున్నా.”

“డొంకా? ఏ డొంక?”

“ఇదే, చేల మధ్యగా కాలవకట్ట మీదికి పోయే ఊరి బండిదారి. చిన్నప్పుడు తాతయ్య ఎడ్లబండిలో పోలా?”

“వద్దు. తిన్నగా పోనీయ్. ముందర కట్ట ఎక్కే దారి ఇంకొకటుంది.”

“అది కంకర రోడ్డు మామయ్యా. మీరు మట్టి అన్నారు.”

“వానలు పడ్డాయి. నల్లరేగడి. జారుతుంది.”

“జారదు. అదే గదా ఈ బండి గొప్ప. ఆగండి, బ్రేకేస్తే వెనక చక్రం జారకుండా ఆపే ఏబీఎస్ తీసేస్తా. మట్టిలో కొంచెం జారాలి.”

“జారదని ఇప్పుడే గదా అన్నావు?”

“జారితే మనం జారిచ్చినట్టు జారాలి.”

“ఆహా, ఏమి తర్కం! నీకు చదువు చెప్పినవాళ్ళు ధన్యులు.”

“చూశారా? గుంట. తెలిసిందా అసలు?”

“తెలిసింది. నా వెన్నెముకకు తెలిసింది. చాలు, తిప్పు.”

“సగం కూడా రాలా.”

“పాములుంటాయి.”

“ఇంజను చప్పుడుకే పారిపోతయ్.”

“యల్లమందా, నా మాట విను. తిప్పు.”

“భయపడ్డానని ఒప్పుకోండి, తిప్పుతా.”

“భయమా? నాకా? పోనీ! నీ గద్దముక్కు ఎందాకా పోతుందో చూస్తాను.”

“...ఇదేంది?”

“ఏమిటి?”

“డొంక లేదు.”

“డొంక లేకపోవడమేమిటి? బండికి చేతకాలేదని చెప్పు. ఆగిపోయింది గదా? నేను ముందే అనుకున్నాను. రూపం చూస్తే ఐరావతం, ప్రతాపం చూస్తే చీమ. పద, ఎవరిది వాళ్ళకు అప్పగించి ఇంటికి పోదాం. ఇక ఈ మాట ఎత్తకు.”

“బండి ఆగలా మామయ్యా, నేనాపా. ఎదురుగా మిరప తోట. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా డొంక మొత్తం దున్ని మొక్క పెట్టారు. ఎవడో బుద్ధిలేనోడు.”

“ఎవరైతే మనకెందుకు? తిప్పు.”

“ఉండండి, ఎవురో పత్తి మూటెత్తుకుని గట్టు మీద వస్తన్నారు. పెద్దమ్మా! ఓ పెద్దమ్మా! ఈ డొంక దున్నిందెవరు?”

“నీ ఎనక కూకున్న మాష్టారుని అడుగు అబ్బాయా.”

“...మామయ్యా?”

“ఆరోగ్యమ్మా, నోరు అదుపులో పెట్టుకో. పక్క చేను నేను కొన్నాను. నా హద్దు నేను దున్నించుకున్నాను.”

“హద్దా? మీ హద్దు ఆ తుమ్మచెట్టు కాడికేగా! ఇటు డొంక, అటు మా చేను. మీరు మూసిన కాణ్ణించి మా చేలోకి బండి రాదు, ఆటో రాదు. తీసిన పత్తి చేలోనే పడుంది. నెత్తిన ఎన్ని మూటలని మొయ్యను? పైన ఆ మబ్బు చూడండి. తడిస్తే ఎవుడు కొంటాడు?”

“గట్టు మీద నడవనిస్తున్నాను గదా? నడకకు ఏనాడైనా అడ్డం చెప్పానా?”

“నడవనిచ్చారు, మహానుబావులు. మొన్న గుళ్ళో మైకు పెట్టి వామనుడి కత చెప్పారే, మా చర్చి దాకా వినపడింది. మూడడుగులు అడిగితే లోకమే ఇచ్చాడంట ఆ రాజు. నేనడిగింది బండి పట్టేంత.”

“పురాణానికీ పొలానికీ ముడిపెట్టకు.”

“మీరు పెట్టరులే మాష్టారూ, నాకు తెలుసు.”

“మామయ్యా, ఈమె చెప్పేది నిజమేనా?”

“నిజానిజాలు తరువాత. యల్లమందా, ఈ బండి... పరవాలేదు.”

“ఏందీ?”

“బాగుందన్నాను. సీటు సుఖంగానే ఉంది.”

“ఇందాకటిదాకా మదపుటేనుగంటిరి.”

“ఏనుగు ఐశ్వర్య చిహ్నం. మీ అమ్మతో నేను చెప్తాను. రేపే తెచ్చుకో.”

“రేపే?”

“రేపే. రంగు కూడా నీ ఇష్టం. ఒక్కటే మాట. ఈ డొంక సంగతి ఇంట్లో ఎత్తవద్దు, ఊళ్ళో ఎత్తవద్దు. తెలిసిందా? ఇక తిప్పు.”

“దిగండి మామయ్యా.”

“తిప్పడానికి దిగడమెందుకు?”

“దిగండి ముందు. ఆఁ, నిదానం. పెద్దమ్మా, ఆ మూట గట్టు మీద పెట్టి నువ్వెక్కు. కాలు ఆ కడ్డీ మీదేసి నా బుజం పట్టుకో.”

“నేనా? యాడికి అబ్బాయా?”

“మీ చేలోకి. డొంక ఏ మిరప సాళ్ళ మీదగా పోయేదో నువ్వు చూపియ్, నేను తొక్కిస్తా.”