పల్లీలతో బాకరా

ఆదివారం మధ్యాహ్నం, జూదశాలల ఊరు మకావులో పాత రేవు పక్కన ఒక ఇరుకు ఇల్లు. నూడుల్స్ కొట్టు మూసేసిన సియుక్వాన్ భోజనాల బల్ల మీద పచ్చ దుప్పటి పరిచి, భర్త చీపాన్‌కి బాకరా అనే పేకాట నేర్పుతోంది. పక్కనే చీపాన్ తల్లి పల్లీలు ఒలుస్తోంది.

“...రాజు, రాణి, జాకీ, పది, అన్నీ సున్నాలే. ఆసు ఒకటి. మిగతా ముక్కలకి ఎన్ని చుక్కలుంటే అంత. ఎక్కిందా బుర్రకి?”

“రాజుకి సున్నా ఏమిటే, పాపం.”

“ఈ ఆటలో రాజుకి విలువ లేదు. మనింట్లో నీలాగే. ఇప్పుడు చెప్పు, ఏడూ ఎనిమిదీ కలిపితే ఎంత?”

“పదిహేను.”

“కాదు, ఐదు. పదిని వదిలెయ్. ఆఖరి అంకె ఒక్కటే లెక్క. తొమ్మిదికి ఎవరు దగ్గరైతే వాళ్ళది గెలుపు.”

“ఇంతేనా? ఈ కాస్త లెక్కకేనా ఊరంతా అన్ని బంగారు మేడలు లేపారు? ఇది మా అమ్మ కూడా ఆడుతుంది.”

“అత్తయ్యా, అవి తినకండి. అవి డబ్బుకి బదులు కాసే చిప్పులు.”

“పల్లీల్లాగే ఉన్నాయి కదమ్మా.”

“రేపు పొద్దున నాకు డీలరు పరీక్ష అత్తయ్యా, జూదశాలలో ముక్కలు పంచే ఉద్యోగానికి. ఇవాళ సాయంత్రందాకా అవి చిప్పులు. తర్వాత అన్నీ మీకే. ఏమయ్యా, దిక్కులు చూడకు. పందెం కాయి.”

“ఎవరి మీద?”

“రెండు పక్కలుంటాయి. ఇటు ప్లేయరు, అటు బ్యాంకరు. నువ్వు ప్లేయరువి కాదు, నేను బ్యాంకరునీ కాదు. అవి ఉత్త పేర్లు. ఏ పక్క గెలుస్తుందనుకుంటే అక్కడ పెట్టు. రెండూ సమానంగా వస్తాయనుకుంటే మధ్యలో పెట్టు, వస్తే ఎనిమిది రెట్లు ఇస్తాం.”

“ఎనిమిది రెట్లా? మరి అందరూ మధ్యలోనే పెట్టొచ్చుగా?”

“పెడతారు. అందుకే అన్ని మేడలు లేచాయి.”

“సరే, బ్యాంకరు మీద ఇరవై పల్లీలు.”

“బ్యాంకరు మీద గెలిస్తే ఇరవైకి ఒకటి మేం ఉంచేసుకుంటాం.”

“మేం అంటే ఎవరే? ఇంకా పరీక్షే రాయలేదు, అప్పుడే వాళ్ళ మనిషివైపోయావా?”

“అలవాటు చేసుకుంటున్నా. ఇదిగో, నీ ముక్కలు. ఎక్కువ కాసినవాడికి ముక్కలు తిప్పే హక్కు ఉంటుంది. అయ్యో, అలా టపీమని తిప్పకూడదు. బాకరా అంటే ఈ తిప్పడమే. వంగు. పక్క అంచు పట్టుకుని, కొంచెం కొంచెంగా, దొంగలా ఎత్తు. ఏం కనపడుతోంది?”

“చుక్కలు.”

“అంచున ఎన్ని?”

“రెండు. కాదు, మూడు. మూడున్నాయే.”

“అంచున మూడుంటే అది ఆరో, ఏడో, ఎనిమిదో. మధ్యలో ఏముందన్నదే తేడా. నీకు తక్కువ కావాలంటే ఊదు.”

“ఏం ఊదాలి?”

“ముక్క మీద ఊదాలి. మధ్యలో చుక్క ఎగిరిపోవాలని. నవ్వకు, కోట్లున్నవాళ్ళే ఊదుతారు. ఊదు.”

“ఉఫ్.”

“అలా కాదు, పాలు పొంగుతుంటే ఊదినట్టు ఊదు.”

“ఉఫ్ఫ్ఫ్.”

“చిప్పులన్నీ కింద పోశావు కదయ్యా. అత్తయ్యా, మీరు లేవకండి, నేను ఏరుతాను. అత్తయ్యా, కింద పడ్డవి తినకండి.”

“పొట్టు తీసినవి కావులేవే. ఇంతకీ ఎగిరిందా చుక్క?”

“ఎగరలేదమ్మా. ఏడు. ఒసేయ్ సియుక్వాన్, నాకు మాత్రం గుండె దడదడలాడిందే. పల్లీలకే ఇలా ఉంటే...”

“అందుకే కదా మన పెళ్ళినాడు మీ నాన్న పటం ముందు ఒట్టేసుకున్నాం.”

“ఆ మాట నువ్వే ఎత్తావు కనుక అడుగుతున్నా. ఈ గడపలోకి పేకముక్క రాదని కదా మన ఒట్టు?”

“ఆడబోమని ఒట్టేశాం. పంచబోమని వెయ్యలేదు.”

“మరి నాన్న పటం మీద ఆ తువ్వాలు ఎందుకు కప్పావు?”

“ఆయనకి ఈ తేడా అర్థం కాదేమోనని. ఏం చెయ్యను చెప్పు? కొట్టున్న భవనమే కూలగొట్టేస్తున్నారు. ఈ వయసులో ఇంకెక్కడ పొయ్యి వెలిగించను? ఊళ్ళో ఏ సందులోకి తొంగిచూసినా ఇంటికో డీలరు. నేనూ ఒకదాన్నవుతాను. రా, ఇంకో ఆట. ఈసారి గబగబా పంచుతాను, నా చేతులు చూస్తూ ఉండు. ప్లేయరుకి రాణీ ఐదూ. ఐదు. బ్యాంకరుకి తొమ్మిదీ ఏడూ. ఆరు. ఐదు చాలదు కనుక ప్లేయరుకి మూడో ముక్క. నాలుగు. మొత్తం తొమ్మిది. ఇప్పుడు బ్యాంకరుకీ ఒకటి...”

“తియ్యకు.”

“ఎందుకు?”

“బ్యాంకరు ఆరు మీదున్నాడు కదే. ప్లేయరుకి మూడో ముక్కగా ఆరో ఏడో వస్తేనే తియ్యాలి. వచ్చింది నాలుగు. అక్కడితో ఆగిపోవాలి.”

“ఏమన్నావూ?”

“ఏమిటి అలా చూస్తావు?”

“నీకెలా తెలుసు?”

“నువ్వే చెప్పావు.”

“నేను చెప్పలేదు.”

“చెప్పావు. పొద్దున చెప్పావు.”

“పొద్దున నువ్వు నిద్రపోతున్నావు.”

“బస్సులో విని ఉంటాను. రోజంతా జూదశాలల బస్సే కదా నడిపేది. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఇదే గోల.”

“చీపాన్. నా కళ్ళలోకి చూసి చెప్పు. జూదశాల లోపలికి వెళ్తున్నావా?”

“లేదు.”

“మీ నాన్న జూదంలో పడవ పోగొట్టుకున్నాడు. చేపలు పట్టేవాడు కూలికి ఐసు మోశాడు. ఆ కథ పెళ్ళిచూపుల రోజే నువ్వు నాకు చెప్పి ఏడ్చావు. ఇప్పుడు నువ్వూ...”

“లేదన్నానా.”

“మీ అమ్మ ముందు ఒట్టెయ్యి.”

“అమ్మని ఎందుకు లాగుతావు మధ్యలో?”

“నన్ను లాగకండమ్మా. నేను చిప్పులు కాపలా కాస్తున్నాను.”

“అత్తయ్యా, మీ అబ్బాయి పేకాట ఆడుతున్నాడు. బ్యాంకరు మూడో ముక్క లెక్క నాకు నెల పట్టింది ఎక్కడానికి. ఈయనకి నోటికొచ్చు. అసలు కాసేవాళ్ళెవరికీ ఆ లెక్క పట్టదు. వాళ్ళు పెడతారు, ఊదుతారు, తిట్టుకుంటారు, అంతే. అది తెలియాల్సింది పంచేవాడికి... ఆగు. పంచేవాడికి.”

“టీ పెట్టనా?”

“పంచేవాడికే కదా కావాలి ఆ లెక్క? ఏమయ్యా?”

“టీ పెడతాను.”

“కూర్చో. నడుం నొప్పికి సూదులు గుచ్చించుకుంటున్నానని ఎండాకాలమంతా రోజూ సాయంత్రం ఎక్కడికి వెళ్ళావు?”

“...డీలర్ల బడికి.”

“నువ్వా?”

“కొట్టు మూసేస్తావని ముందే తెలుసు కదా. బస్సు జీతంతో ముగ్గురం ఎలా అని. నేను చేరితే నువ్వు కాస్త కూర్చుని తింటావని. నాన్న పటం ఎదురుగా నీకెలా చెప్పాలో తెలియలేదు.”

“పరీక్ష రాశావా?”

“రాశాను.”

“పోయిందా?”

“ముక్కలు బాగానే పంచాను. లెక్క తప్పలేదు. చేతి పని కడిగిన అద్దంలా ఉందన్నారు.”

“మరి?”

“పరీక్ష పెట్టే పెద్దాయన జూదరి వేషం కట్టి ఎదురుగా కూర్చున్నాడు. వరసగా ఓడిపోయే జూదరి. తల పట్టుకున్నాడు, జుట్టు పీక్కున్నాడు. బాగా నటించాడే. నేను నిజమే అనుకున్నాను.”

“ఏం చేశావు?”

“ఏం చెయ్యలేదు.”

“ఏమన్నావు?”

“‘బాబాయ్, ఇంక చాల్లే. ఇంటికెళ్ళి వేడివేడిగా చేప జావ తాగి పడుకో’ అన్నాను.”

“పరీక్ష పెట్టేవాడితోనా?”

“ఊఁ. రెండోసారి కూడా అన్నాను. వాడి చిప్పులు వాడికే వెనక్కి తోశాను కూడా.”

“అయ్యో... అయ్యో నా తండ్రీ... అత్తయ్యా, వింటున్నారా... నాకు నవ్వాగట్లేదు, కడుపు నొప్పి...”

“నవ్వు, నవ్వు. ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూనే కొట్టేశాడు నన్ను జాబితాలోంచి.”

“జావ తాగి పడుకోమన్నాడట అత్తయ్యా. మీరూ నవ్వుతున్నారు కదా, ఆ పల్లీ మింగి నవ్వండి, పొలమారుతుంది. ఏమయ్యా, ఇలా రా. దగ్గరికి రా. పిచ్చి మొహమా, నాకు చెప్తే నేనేమన్నా అంటానా?”

“నువ్వు చెప్పావా నాకు? ముక్కలు ఇంటికి తెచ్చిన రోజుదాకా.”

“సరే, ఇద్దరమూ దొంగలమే. అమ్మో, ఇప్పుడు నాకు భయం పట్టుకుంది. రేపు ఆ పెద్దాయన నా ఎదురుగా కూర్చుని కూడా అలా ఏడిస్తే? నీకంటే నాకే జాలెక్కువ. కొట్లో ప్రతివాడికీ ఊరికే ఇంకో గరిటె పోసేదాన్ని.”

“అందుకే ముఖం చూడకూడదు పిల్లా.”

“ఏమిటత్తయ్యా?”

“ముఖం చూడకూడదు. చేతులే చూడాలి. ముఖం చూశావా, లెక్క పోతుంది. నోరు విప్పకూడదు. ఆ దుప్పటి కొంచెం ఇలా జరుపు. పల్లీలు ఇటివ్వు.”

“అమ్మా, గిన్నె ఎందుకు బోర్లించావు?”

“కాయి. ఒకటా, రెండా, మూడా, నాలుగా? గిన్నె కింది పల్లీల్లోంచి నాలుగేసి తీసేస్తే చివర్లో ఎన్ని మిగులుతాయి?”

“రెండు.”

“నేను మూడంటాను అత్తయ్యా.”

“గిన్నె తీస్తున్నా. మూడే మిగులుతాయి. సియుక్వాన్ గెలిచింది.”

“ఇంకా ఒక్కటీ లెక్కపెట్టలేదు కదమ్మా.”

“పెట్టుకో. నేను ఆగుతాను.”

“నాలుగు, నాలుగు, నాలుగు... సియుక్వాన్, ఇది గుండీల ఆట. పాతకాలం జూదశాలల్లో పల్లీల బదులు చొక్కా గుండీలతో ఆడేవారు. నాలుగు, నాలుగు... మూడు. అమ్మా, మూడే. ఎలా చెప్పావు?”

“గిన్నె ఎత్తగానే కంటికి తెలిసిపోతుందిరా. అలవాటైతే.”

“ఎక్కడ అలవాటైంది? నువ్వు టపాకాయల కార్ఖానాలో చేశానన్నావు.”

“చేశాను. మందు ఘాటుకి కళ్ళు మండుతున్నాయని మానేశాను.”

“మానేసి?”

“గుండీలు లెక్కపెట్టాను. రేవులో నీళ్ళ మీద తేలే జూదశాల ఉండేది. అక్కడ.”

“అత్తయ్యా, మీరు డీలరా?”

“అప్పట్లో ఆ మాట లేదమ్మా. గుండీల పిల్ల అనేవారు.”

“అమ్మా, ఆగు. ఆగమ్మా. నాన్న పడవ పోగొట్టుకున్నది ఆ గుండీల ఆటలోనే కదా?”

“అవును.”

“ఆ జూదశాలలోనేనా?”

“నా బల్ల దగ్గరే. అప్పటికింకా మా పెళ్ళి కాలేదు.”

“మరి ఆపలేదా నువ్వు?”

“ఎలా ఆపుతాను? తలెత్తకూడదు, మాట్లాడకూడదు. నువ్వైతే జావ తాగమనేవాడివి. నేను ఉద్యోగం చేశాను.”

“అంత జూదం పిచ్చి ఆయనకి.”

“జూదం పిచ్చా? ఆ మనిషికి ఆటే రాదురా. గెలిస్తే డబ్బు తీసుకోవడం మరిచిపోయేవాడు. ఎప్పుడూ నా చేతికి దగ్గరగా ఉండే పక్కనే పెట్టేవాడు. వలతాళ్ళు కోసిన గీతలతో, ఉప్పుకి పగిలిన చేతులు. ఎన్నో చేతుల మధ్య అవే నాకు గుర్తుండేవి.”

“ముఖం చూడలేదా అత్తయ్యా?”

“ఏడాదిపాటు చూడలేదు. ఆ పడవ పోయిన రోజున మాత్రం, ఆ రెండు చేతులూ ఖాళీగా బల్ల మీద ఉండిపోయాయి. ఓడినవాడు లేచి వెళ్ళిపోతాడు కదా. ఈయన లేవడే. ఏడుస్తున్నాడేమో అనుకుని, ఒకే ఒక్కసారి తలెత్తాను.”

“ఏడుస్తున్నాడా?”

“లేదమ్మా. నన్నే చూసి నవ్వుతున్నాడు.”